పుట్టు గుండె జబ్బుతో పెరిగి పెద్దవారైనవారి ఆరోగ్యాన్ని వారి మాటల్లోనే కొలవడం ఎలా

పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న శిశువులు ప్రతి 1000 జననాల్లో సుమారు 8 నుంచి 9 మంది ఉంటారు. ఒకప్పుడు వీరిలో చాలామంది బాల్యం దాటేవారు కాదు. శస్త్రచికిత్సలు మెరుగుపడిన తరువాత, చిన్నతనంలో రంధ్రం మూయించుకున్నవారు, ఫాలో టెట్రాలజీ (గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండే పుట్టు జబ్బు)కి ఆపరేషన్ అయినవారు, ఫాంటాన్ ఆపరేషన్‌తో ఒకే జఠరిక (రక్తాన్ని పంపే గుండె కింది గది)పై నెట్టుకొస్తున్నవారు పెద్దవారై, చదువులు ముగించి, ఉద్యోగాలు వెతుక్కుంటూ, పెళ్లిళ్లు చేసుకుంటూ మన ఓపీలకు వస్తున్నారు. విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆస్పత్రి (కేజీహెచ్)కైనా, నగరంలోని ఇతర గుండె ఆస్పత్రులకైనా శ్రీకాకుళం, విజయనగరం, నర్సీపట్నం, పాడేరు వైపుల నుంచేకాక ఒడిశాలోని కోరాపుట్ నుంచి కూడా రోగులు వస్తారు. వచ్చిన ప్రతివారికీ ఎకో తీస్తాం, ఈసీజీ తీస్తాం, ఆక్సిజన్ శాతం చూస్తాం. రోజు ఎలా గడుస్తోందో, తమ ఆరోగ్యం ఎంత బాగుందని వారు భావిస్తున్నారో మాత్రం ఓపీ చీటీ మీద ఎక్కడా కనిపించదు. ఆ లోటును పూడ్చాలనుకునే వైద్యులు, నర్సులు, పీజీ విద్యార్థులు, పరిశోధన సహాయకుల కోసం ఈ మార్గదర్శిక.

రోగి స్వయంగా చెప్పిన ఆరోగ్య సమాచారం అంటే ఏమిటో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో స్పష్టంగా నిర్వచించింది: వైద్యుడుగాని మరొకరుగాని తమ అర్థాన్ని జోడించకుండా, రోగి నుంచి నేరుగా వచ్చినదే అది. చదవడానికి తేలికగా కనిపించే ఈ షరతును మన ఓపీల్లో నిలబెట్టడం చాలా కష్టం. రోగి తరఫున తల్లి చెబుతుంది, భర్త చెబుతాడు, తొందరలో ఉన్న వైద్యుడు తానే రాసేస్తాడు. ఇక్కడ సూచించే జాగ్రత్తలలో ఎక్కువ భాగం ఆ షరతును కాపాడుకోవడానికే ఉద్దేశించినవి.

ముందుగా, దేన్ని కొలుస్తున్నామో తేల్చుకోవాలి

ఆరోగ్య స్థితి, జీవన నాణ్యత, మానసిక స్థితి అనే మూడింటినీ ఒకే గంపలో వేయడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు. మెట్లు ఎక్కగలుగుతున్నారా, నొప్పి ఉందా, రోజువారీ పనులు సాగుతున్నాయా అన్నవి ఆరోగ్య స్థితికి సంబంధించిన ప్రశ్నలు. మొత్తంమీద తన జీవితం పట్ల తనకు ఎంత సంతృప్తి ఉందన్నది జీవన నాణ్యత. ఆక్సిజన్ శాతం ఎప్పుడూ 80 దగ్గరే ఉండే ఐసెన్‌మెంగర్ రోగి (గుండెలోని రంధ్రం వల్ల ఊపిరితిత్తుల్లో రక్తపోటు బాగా పెరిగి, చెడు రక్తం మంచి రక్తంలో కలిసే స్థితి ఉన్నవారు) తన ఆరోగ్యానికి తక్కువ అంకె ఇచ్చి, తన జీవితానికి ఎక్కువ అంకె ఇవ్వవచ్చు. అందులో వైరుధ్యం ఏమీ లేదు. రెండింటినీ విడివిడిగా అడిగినప్పుడే ఆ తేడా బయటపడుతుంది.

ఈ విషయంలో మనకు మంచి ఆధారం అప్రోచ్-ఐఎస్ అనే అంతర్జాతీయ అధ్యయనం. 2013 నుంచి 2015 వరకు 15 దేశాలలో, మన దేశంతో సహా, 4028 మంది పెద్దవారి నుంచి సమాచారం సేకరించారు. ఆరోగ్య స్థితికి ఎస్‌ఎఫ్-12 ప్రశ్నావళి, ఈక్యూ గీత (రోగి తన ఆరోగ్యానికి 0 నుంచి 100 వరకు గుర్తు పెట్టేది). ఆందోళన, దిగులుకు హ్యాడ్స్ ప్రశ్నావళి. జీవన నాణ్యతకు 0 నుంచి 100 వరకు ఉండే గీత, జీవిత సంతృప్తి ప్రశ్నావళి వాడారు. వయసు పెరగడం, ఉద్యోగం లేకపోవడం, పెళ్లి కాకపోవడం, న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ తరగతి (శ్రమకు ఆయాసం, అలసట ఎంతగా వస్తున్నాయో చెప్పే శ్రేణి) దిగజారడం, ఇవి తక్కువ జీవన నాణ్యతతో ముడిపడి ఉన్నట్లు ఆ అధ్యయనంలో తేలింది. కాబట్టి ప్రశ్నావళితోపాటు ఉద్యోగం, వివాహం, చదువు వివరాలు తప్పనిసరిగా నమోదు చేయాలి. అవి లేకుండా అంకెలు మాత్రమే సేకరిస్తే, తక్కువ వచ్చిన అంకె గుండె వల్ల వచ్చిందో, పని దొరకకపోవడం వల్ల వచ్చిందో తరువాత ఎవరూ చెప్పలేరు.

ఏ ప్రశ్నావళులు, ఎన్ని

నా అభిప్రాయంలో మొత్తం ప్రశ్నలు 20 నిమిషాలు దాటకూడదు. ఆ పైన వచ్చే జవాబులు విసుగుతో ఇచ్చినవే అవుతాయి. కొత్తగా మొదలుపెట్టే ఓపీకి ఈక్యూ-5డి-5ఎల్, జీవన నాణ్యత గీత, దిగులును కొలిచే 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 చాలు. ఈక్యూ-5డి-5ఎల్‌లో నడక, సొంత పనులు, రోజువారీ కార్యకలాపాలు, నొప్పి లేదా అసౌకర్యం, ఆందోళన లేదా దిగులు అనే 5 అంశాలు, ఒక్కోదానికి 5 స్థాయిలు ఉంటాయి. పక్కనే 0 నుంచి 100 వరకు ఆరోగ్య గీత ఉంటుంది. భారతీయుల అభిప్రాయాల ఆధారంగా తయారైన దాని విలువల పట్టిక (5 జవాబులను కలిపి ఒకే అంకెగా మార్చేది) 2022లో ప్రచురితమైంది కాబట్టి, ఇక బ్రిటన్ పట్టికను అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. ఇతర దేశాల ఫలితాలతో పోల్చాలన్న ఉద్దేశం ఉంటే ఎస్‌ఎఫ్-12ను, 5 వాక్యాల జీవిత సంతృప్తి ప్రశ్నావళిని చేర్చుకోవచ్చు.

ఒక్కో ప్రశ్నావళి ఒక్కో కాలవ్యవధి గురించి అడుగుతుందన్న సంగతిని నర్సులందరికీ ముందే నేర్పాలి. ఈక్యూ-5డి ఈరోజు గురించి అడుగుతుంది. హ్యాడ్స్ గడిచిన వారం గురించి, పీహెచ్‌క్యూ-9 గడిచిన 2 వారాల గురించి, ఎస్‌ఎఫ్-12 సాధారణ రూపంలో గడిచిన 4 వారాల గురించి అడుగుతాయి. రాత్రి బయలుదేరి ఘాట్‌రోడ్డు బస్సులో వచ్చి, తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడిన మనిషిని ‘ఈరోజు మీ ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడిగితే, వచ్చే అంకెలో ప్రయాణపు అలసట కూడా కలిసి ఉంటుంది. కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, కాస్త కుదుటపడ్డాక అడగాలి. ఎక్కడి నుంచి, ఎన్ని గంటలు ప్రయాణించి వచ్చారో ఒక గడిలో రాసుకోవాలి.

తెలుగు ప్రతి

ప్రశ్నావళిని ఎవరికి వారు తెలుగులోకి మార్చుకుని వాడకూడదు. హక్కుదారుల వద్ద అధికారిక తెలుగు ప్రతి ఉందేమో ముందు విచారించి, ఉంటే దానినే అనుమతితో తెచ్చుకోవాలి. పీహెచ్‌క్యూ-9 వాడకానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. ఈక్యూ-5డికి యూరోక్వాల్ సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. తెలుగు ప్రతి లేనప్పుడు పద్ధతి ప్రకారం నడవాలి: ఇద్దరు వేర్వేరుగా తెలుగులోకి మార్చాలి, రెండింటినీ కలిపి ఒక ప్రతి చేయాలి, మూలాన్ని చూడని మరొకరు దానిని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, తేడాలు సరిచేసిన తరువాత కొద్దిమంది రోగులతో చదివించి, ఒక్కో ప్రశ్న వారికి ఎలా అర్థమైందో వారి చేతే చెప్పించాలి.

ఈ చివరి మెట్టును చాలామంది దాటవేస్తారు. అసలు సంగతులు బయటపడేది ఇక్కడే. ఎస్‌ఎఫ్-12 ఇంగ్లీషు ప్రతిలో ఒక మోస్తరు శ్రమకు ఉదాహరణలుగా బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ నెట్టడం, బౌలింగ్, గోల్ఫ్ ఆడటం ఉన్నాయి. అనకాపల్లి దగ్గరి పల్లెలో నీళ్ల బిందెలు మోసే మనిషికి ఇందులో బల్ల ఒక్కటే తెలిసినది. అలాగే మేడ మెట్ల ప్రశ్న, మేడ లేని ఊళ్లో ఉండేవారికి ఊహ మీద జవాబివ్వవలసిన ప్రశ్న అవుతుంది. ఇలాంటిది కనిపించినప్పుడు గోల్ఫ్ స్థానంలో బిందె అని, మేడ మెట్ల స్థానంలో సింహాచలం మెట్లు అని నర్సు అప్పటికప్పుడు మార్చి అడిగితే, ఆ జవాబు మరే జవాబుతోనూ పోల్చడానికి పనికిరాదు. ఇబ్బందిని రాసి హక్కుదారులకు పంపాలి. వారు ఒప్పుకున్న మార్పు అందరికీ ఒకేలా వర్తించాలి.

ఒడియా మాట్లాడేవారికి ఒడియా ప్రతి తెప్పించుకోవాలి. కువి వంటి ఆదివాసీ భాషలు మాత్రమే వచ్చినవారి విషయంలో కుటుంబ సభ్యుడిని దుబాసీగా పెట్టుకోవడం కంటే, ఆ భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్తకు ప్రశ్నావళిని ముందే నేర్పి కూర్చోబెట్టడం మేలు. అదీ వీలుకాకపోతే ఆ రోగి జవాబులను ప్రధాన లెక్కలో కలపకుండా విడిగా ఉంచాలి.

కాగితం, గీత

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని ఎక్కువ నష్టం చేసేది ఇదే. జీవన నాణ్యత గీత నిలువుగా, 10 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. అడుగున 0, పైన 100. ఈక్యూ ఆరోగ్య గీత పొడవు 20 సెంటీమీటర్లు. కంప్యూటర్‌లో ‘పేజీకి సరిపోయేలా’ అన్న గుర్తు పెట్టి ప్రింటు తీస్తే గీత పొట్టిదవుతుంది. ఆ ప్రింటుకు జిరాక్స్, ఆ జిరాక్స్‌కు మరో జిరాక్స్ తీస్తూ పోతే ఇంకా మారుతుంది. స్కేలుతో 62 మిల్లీమీటర్లు కొలిచి 62 అని రాసుకున్న గుర్తు, గీత 94 మిల్లీమీటర్లే ఉంటే, నిజానికి 66 అవుతుంది. కాబట్టి ప్రతి కట్టలోనూ మొదటి కాగితంపై, చివరి కాగితంపై గీతను స్కేలుతో కొలిచి, తేడా ఉంటే ఆ కట్టను వాడకూడదు. గుర్తును చదివేటప్పుడు గీతపై అచ్చయిన అంకెలను చూసి చదవాలి, విడి స్కేలు పెట్టి కాదు.

గీతను రోగికి పరిచయం చేసేటప్పుడు రెండు చివరలకూ అర్థం చెప్పాలి: మీరు ఊహించగలిగినంత అధ్వాన్నమైన జీవితం 0, మీరు ఊహించగలిగినంత మంచి జీవితం 100. కొందరు దీన్ని పదో తరగతి మార్కుల్లా చూసి, 35 వస్తే గట్టెక్కినట్టే అనుకుంటారు. మరికొందరు అంతా బాగుందని చెబితే దిష్టి తగులుతుందని 100 జోలికే పోరు. ఇది పరీక్ష కాదనీ, పాస్ మార్కు అంటూ లేదనీ ముందే చెప్పాలి. దిష్టి విషయంలో మాత్రం వాదించకూడదు. రోగి పెట్టిన గుర్తే గుర్తు.

ఎవరు అడగాలి, ఎక్కడ, ఎప్పుడు

వైద్యుడిని కలవకముందే, ఎకో ఫలితం చెవిన పడకముందే ప్రశ్నావళి పూర్తి కావాలి. వాల్వు మళ్లీ లీకవుతోందన్న మాట విన్న తరువాత పెట్టే గుర్తు, వినకముందు పెట్టే గుర్తు ఒకటిగా ఉండవు. చికిత్స చేసే వైద్యుడు అడగకూడదు. ఆయన ముఖం చూస్తూ ‘బాగోలేదు’ అనడానికి మనవాళ్లలో చాలామందికి నోరు రాదు. చదవగలిగినవారు తామే నింపాలి. చదవలేనివారికి నర్సు అక్షరం మార్చకుండా చదివి వినిపించి, జవాబుల కార్డు చూపి, వేలితో చూపించమనాలి. చదివి వినిపించినప్పుడు జవాబులు కాస్త మెరుగ్గా వస్తాయని పరిశోధకులు గమనించారు కాబట్టి, ఏ పద్ధతిలో నింపారో ప్రతి కాగితంపైనా రాయాలి. ఒకే రోగి విషయంలో పద్ధతిని ఏటేటా మార్చకూడదు. అర్థం అడిగితే నర్సు చెప్పవలసింది ఒక్కటే: “మీకు ఎలా అర్థమైతే అలాగే చెప్పండి. ఇందులో తప్పు జవాబు అంటూ ఏదీ లేదు.”

తోడు వచ్చినవారి సంగతి కొంచెం నేర్పుగా చూడాలి. చిన్నప్పటి నుంచీ ఆ బిడ్డను గుండెల మీద పెట్టుకుని పెంచిన తల్లి, ఆ బిడ్డకు 26 ఏళ్లు వచ్చినా, ప్రశ్న వినగానే “దానికేం, బాగానే ఉందండి, ఇంటిపనంతా అదే చేస్తుంది” అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. పక్కన కూర్చున్న అమ్మాయి తల వంచుకుని అదే జవాబుకు టిక్కు పెడుతుంది. నర్సు గౌరవంగా ఇలా చెప్పవచ్చు: “అమ్మా, ఈ కాగితం అమ్మాయి ఒక్కతే నింపాలండి. మీరు చెప్పేది కూడా మాకు కావాలి, డాక్టరుగారి దగ్గర చెబుదురుగాని. కాసేపు ఆ బల్ల మీద కూర్చోండి.” తల్లికి చేయడానికి ఏదైనా పని ఉంటే ఇది సులువవుతుంది. పాత రిపోర్టులు, ఆపరేషన్ కాగితాలు తేదీలవారీగా సర్దిపెట్టమని ఆమెను కోరడం మంచి ఉపాయం, ఎలాగూ అవి కావాలి కూడా.

పెళ్లయిన ఆడవారి విషయంలో గోప్యత మరింత ముఖ్యం. ఛాతీ మీది మచ్చ గురించి అత్తవారికి అసలు సంగతి చెప్పకుండా పెళ్లి చేసిన కుటుంబాలు ఉంటాయి. గర్భం గురించిన భయాన్ని భర్త ముందు చెప్పుకోలేనివారూ ఉంటారు. అందువల్ల ఫోన్ నంబరు తీసుకునేటప్పుడు ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, ఎవరు ఎత్తితే ఏమని చెప్పాలో అడిగి రాసుకోవాలి. ఇంటిల్లిపాదీ వాడే ఫోన్‌కు ‘గుండె జబ్బు సర్వే’ అని వాట్సాప్ సందేశం పంపితే ఒక సంసారంలో చిచ్చు పెట్టినవారమవుతాం.

జవాబుల వల్ల ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) వంటి పథకాల వర్తింపుగాని, ఉచిత మందులుగాని, వికలాంగ ధ్రువపత్రంగాని మారవని మొదటి మాటగా చెప్పాలి. లేకపోతే కొందరు ఎక్కువ చేసి చెబుతారు, ఉద్యోగానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చినవారు దాచిపెడతారు. పరిశోధన కోసమైతే సంస్థ నైతిక సంఘం అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం అవసరం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, సంతకం చేయలేనివారు వేలిముద్ర వేసేటప్పుడు నిష్పాక్షికుడైన సాక్షి ఉండాలి.

డౌన్ సిండ్రోమ్ వంటి కారణాల వల్ల స్వయంగా జవాబివ్వలేనివారు ఈ రోగుల్లో కొందరు ఉంటారు. వారి తరఫున సంరక్షకులు నింపడానికి ఈక్యూ-5డిలో వేరే రూపం ఉంది. ఆ అంకెలను రోగులు స్వయంగా చెప్పిన అంకెలతో ఎప్పుడూ కలపకూడదు.

జబ్బుకు అలవాటుపడిన శరీరం

నడివయసులో గుండెపోటు వచ్చినవారికి నిన్నటి తాను తెలుసు. పుట్టుకతోనే ఈ జబ్బు ఉన్నవారికి అలా పోల్చుకోవడానికి ఇంకో శరీరం లేదు. ఆయాసం వస్తుందా అంటే రాదంటారు. ఎగపోత వచ్చేంత పని ఏదీ ఏనాడూ పెట్టుకోలేదు కాబట్టి రాదు. తమకు లక్షణాలేమీ లేవని చెప్పినవారిలో కూడా వ్యాయామ పరీక్షలో ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం గణనీయంగా తగ్గి ఉన్నట్లు 2005లో ప్రచురితమైన లండన్ పరిశోధన చూపింది.

దీన్ని చూసి రోగి మాటను కొట్టిపారేయడం తప్పు. జవాబు మార్చుకునేలా గుచ్చిగుచ్చి అడగడం ఇంకా పెద్ద తప్పు. చేయవలసింది, ప్రశ్నావళి పూర్తయిన తరువాత, మార్కులతో సంబంధం లేని రెండు మూడు ప్రశ్నలు విడిగా అడగడం: మీ ఈడువారు చేస్తూ మీరు చేయని పనులేమిటి? గిరిప్రదక్షిణకో, కొండ మెట్లెక్కడానికో ఇంట్లో అందరూ వెళ్లినప్పుడు మీరేం చేస్తారు? గత ఏడాది చేసి, ఈ ఏడాది మానేసిన పని ఏదైనా ఉందా? ఈ మూడో ప్రశ్న నా దృష్టిలో అత్యంత విలువైనది. అదే రోజు 6 నిమిషాల నడక పరీక్ష కూడా చేయించి, రోగి మాట, నడిచిన దూరం రెండింటినీ పక్కపక్కన నమోదు చేయాలి. రెండూ కలవకపోతే ఆ తేడాయే వైద్యుడు చూడవలసిన సమాచారం. నాగా పెట్టిన, తగ్గించుకున్న పనుల గురించి రోగి వాడిన మాటను ఉన్నదున్నట్టుగా మార్జిన్‌లో రాయాలి.

దిగులు బయటపడినప్పుడు

జవాబు విన్నాక ఏం చేస్తామో నిర్ణయించుకోకుండా దిగులు గురించిన ప్రశ్న అడగకూడదు. పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27కు 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యుడికి అదే రోజు తెలియాలి. చివరి ప్రశ్న, చనిపోతే బాగుండునన్న ఆలోచన గురించినది; దానికి 0 తప్ప మరే జవాబు వచ్చినా రోగిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు, ఆ పూటే మానసిక వైద్యుడు చూడాలి. అందుకని పీహెచ్‌క్యూ-9 కాగితాన్ని సాయంత్రం లెక్కించుకుందామని ఫైల్లో పెట్టేయకుండా, రోగి కుర్చీలో ఉండగానే చూడాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది గాని, ఆ పేరు చెప్పగానే చాలామంది బెదిరిపోతారు. తొలి సంభాషణ గుండె ఓపీ గదిలోనే జరిగేలా మానసిక వైద్య విభాగంతో ముందే మాట్లాడుకుంటే రోగి నిలుస్తాడు. ఇంటికి వెళ్లాక మాట్లాడాలనుకునేవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరును కాగితం మీద రాసి ఇవ్వాలి.

అంకెలను చదవడం

ఎస్‌ఎఫ్-12లో సగటు 50, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 10 అన్న కొలత అమెరికా జనాభా ఆధారంగా ఏర్పడింది. కాబట్టి 46 వచ్చిన విశాఖ రోగిని సగటు కంటే తక్కువ అనేయడం తొందరపాటు. అదే వయసు తోబుట్టువుల చేత కూడా నింపిస్తే స్థానికంగా పోల్చుకోవడానికి కొంత ఆధారం దొరుకుతుంది. అన్నిటికంటే నమ్మదగిన పోలిక రోగి పాత అంకెతో. ప్రామాణిక విచలనంలో సగం మేర తేడా వస్తే గమనించదగిన మార్పుగా తీసుకోవడం వాడుకలో ఉంది. వాల్వు మార్పిడి వంటి చికిత్సలకు ముందు, తరువాత 6 నెలలకు, ఏడాదికి కొలిస్తే ఉపయోగం ఉంటుంది. స్థిరంగా ఉన్నవారికి ఏడాదికోసారి చాలు, వీలైనంతవరకు అదే నెలలో; విశాఖ మే నెల ఉక్కపోతలో వచ్చిన అంకెను డిసెంబరు అంకెతో పోల్చడం సబబు కాదు.

వదిలేసిన గడిని కేస్‌షీటు చూసి నింపకూడదు. ఎందుకు వదిలేశారో రాయాలి: అర్థం కాలేదా, చెప్పడం ఇష్టం లేదా, పేరు పిలిచారని మధ్యలో లేచి వెళ్లారా. మూడోది ఎక్కువగా కనిపిస్తుంటే లోపం ఓపీ క్రమంలో ఉన్నట్టు లెక్క, ప్రశ్నావళి సమయాన్ని ముందుకు జరపాలి. లెక్క పూర్తయ్యాక ఆ అంకెలు పరిశోధన రిజిస్టరుతోపాటు కేస్‌షీటు మొదటి పేజీలో, ఎకో ఫలితం పక్కన కూడా ఉండాలి, గత ఏడాది అంకె దాని కిందే. వైద్యుడు అవి చూసి రోగితో కనీసం ఒక మాట మాట్లాడాలి: “నిరుడు నడకకు ఇబ్బంది లేదని పెట్టారు, ఈసారి కొంచెం ఉందని పెట్టారు. ఎప్పటి నుంచి?” ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును కూడా అక్కడే, తేదీతో, రోగి చెప్పినట్టే రాయాలి.